బిజినెస్ కోసం ఫ్రీ ఏఐ ఇమేజ్ టూల్స్: మళ్ళీ మళ్ళీ వచ్చే డౌట్లు, జవాబులు

రోజూ ఎవరో ఒకరు ఇవే అడుగుతున్నారు, అందుకే అన్నీ ఒక దగ్గర పెట్టేశా. వరసగా చదవక్కర్లేదు, మీ డౌట్ ఎక్కడుందో అక్కడికి వెళ్ళిపోండి, ఏ జవాబుకి ఆ జవాబు పూర్తిగా ఉంటుంది. రోజుకి ఎన్ని బొమ్మలు ఇస్తారు అనే లెక్కలు మాత్రం చాలావరకు రాయలేదు, అవి చెప్పాపెట్టకుండా మారిపోతుంటాయి. ఇంకోటి, నేను లాయర్ని కాదు, డబ్బు ఎక్కువ పెట్టే పనైతే ఒక లాయర్ని అడిగి ముందుకెళ్ళండి.

## మొదలుపెట్టే ముందు

ఫ్రీ అంటున్నారు, మరి వాళ్ళకేంటి లాభం? ఎక్కడ పట్టేస్తారు?

నాలుగు చోట్ల పట్టేస్తారు. ఒకటి లిమిట్, రోజుకో నెలకో ఇన్ని బొమ్మలే అని. రెండు వాటర్‌మార్క్. మూడు, మీరు చేసిన బొమ్మ వాళ్ళ సైట్లో అందరికీ కనిపించేలా పెట్టడం. నాలుగోది హక్కులు, అంటే బొమ్మ మీ చేతికొస్తుంది కానీ అమ్ముకోడానికో యాడ్‌లో పెట్టడానికో పర్మిషన్ పెయిడ్ వాళ్ళకే. మొదటి రెండూ కంటికి కనిపిస్తాయి కాబట్టి అందరూ వాటి గురించే మాట్లాడుకుంటారు, బిజినెస్ వాళ్ళని నిజంగా ఇబ్బంది పెట్టేవి మాత్రం చివరి రెండే. బొమ్మ క్వాలిటీ చూసి టూల్ ఎంచుకునే రోజులు పోయాయి అనేది నా అభిప్రాయం, ఇప్పుడు దాదాపు అన్నీ బాగానే గీస్తున్నాయి, తేడా అంతా టర్మ్స్‌లోనే ఉంది.

నేను జస్ట్ ఇన్‌స్టాలో పోస్ట్ పెడతా అంతే, అది కూడా కమర్షియల్ యూజ్ కిందకొస్తుందా?

షాపు పేజీలోనో కంపెనీ పేజీలోనో పెడితే వస్తుంది. బొమ్మని డైరెక్ట్‌గా అమ్మితేనే కమర్షియల్ అని చాలామంది అనుకుంటారు, అలా కాదు, వ్యాపారానికి పనికొచ్చేలా ఎక్కడ వాడినా సాధారణంగా కమర్షియల్ కిందే లెక్క. వెబ్‌సైట్ బ్యానర్, పాంప్లెట్, వాట్సాప్‌లో పంపే ఆఫర్ బొమ్మ, ప్యాకింగ్ మీద డిజైన్, యూట్యూబ్ థంబ్‌నెయిల్, అన్నీ. మీ పర్సనల్ అకౌంట్లో ఫ్రెండ్‌కి బర్త్‌డే బొమ్మ పెట్టుకుంటే అది వేరే సంగతి.

టర్మ్స్ అంత పెద్దగా ఉంటాయి, చదవడం నా వల్ల కాదు. ఏం వెతకాలి?

మొత్తం ఎవరూ చదవరు లెండి. పేజీ తెరిచి కంట్రోల్, ఎఫ్ నొక్కి కొన్ని మాటలు వెతకండి: కమర్షియల్, ఓనర్‌షిప్, పబ్లిక్, ట్రైనింగ్ (మీరిచ్చింది ఏఐకి నేర్పడానికి వాడుకోవడం), ఇండెమ్నిటీ. కమర్షియల్ దగ్గర ఫ్రీ ప్లాన్ వాళ్ళకి విడిగా రూల్ ఉందేమో చూడండి, అసలు కిటుకు అక్కడే ఉంటుంది, హోమ్ పేజీలో పెద్దక్షరాల్లో కమర్షియల్ యూజ్ ఓకే అని రాసి కింద ఎక్కడో పెయిడ్ మెంబర్లకి మాత్రమే అని పెడతారు. ఇండెమ్నిటీ అంటే బొమ్మ వల్ల కేసు వస్తే కంపెనీయే భరిస్తుందని, ఫ్రీ ప్లాన్లో అది దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. చదివిన రోజే ఆ పేజీని పీడీఎఫ్‌గా సేవ్ చేసి తేదీ వేసి పెట్టుకోండి.

ఏఐ బొమ్మ వాడినందుకు నా మీద ఎవరైనా కేసు వేస్తారా?

ఇప్పటిదాకా పెద్ద కేసులన్నీ టూల్ తయారుచేసిన కంపెనీల మీదే నడుస్తున్నాయి. 2023 జనవరిలో కొందరు ఆర్టిస్టులు స్టెబిలిటీ ఏఐ, మిడ్‌జర్నీల మీద వేశారు, 2025 జూన్‌లో డిస్నీ, యూనివర్సల్ కలిసి మిడ్‌జర్నీ మీద వేశాయి. ఫోటోలు అమ్మే గెట్టీ ఇమేజెస్ కంపెనీ లండన్‌లో స్టెబిలిటీ మీద వేసిన కేసులో 2025 నవంబర్‌లో తీర్పొచ్చింది, కాపీరైట్ వాదన నిలబడలేదు, బొమ్మల్లో గెట్టీ వాటర్‌మార్క్ లాంటిది వచ్చిన కొన్నిచోట్ల మాత్రం ట్రేడ్‌మార్క్ తప్పు ఉందన్నారు. అలాగని మనకేం కాదులే అనుకోకండి. మీ పోస్టర్ మీద ఫేమస్ కార్టూన్ క్యారెక్టర్ ఉంటే దాన్ని టూల్ గీసిందా మీరు గీశారా అని ఎవరూ చూడరు, పబ్లిష్ చేసింది మీరు కాబట్టి నోటీసు మీకే వస్తుంది. మామూలు సీనరీలకీ డిజైన్లకీ ఆ భయం చాలా తక్కువ.

## ఏ టూల్ తీసుకోవాలి

అన్నా ఇదంతా వద్దు, ఒక్క పేరు చెప్పు చాలు

ఒక్క పేరే అంటే అడోబీ ఫైర్‌ఫ్లై. అందంలో ఫస్ట్ అని కాదు, బిజినెస్ వాడకానికి తలనొప్పి తక్కువ కాబట్టి. రోజువారీ సోషల్ మీడియా పోస్టులకైతే జెమినియో చాట్‌జీపీటీయో సరిపోతుంది, మాటల్లో చెప్తే మార్చి ఇస్తాయి. ఇక నెలకి వందల బొమ్మలు కావాలి, కంప్యూటర్లో మంచి గ్రాఫిక్స్ కార్డ్ కూడా ఉంది అంటే ఫ్లక్స్ ష్నెల్ అనే మోడల్ని (మోడల్ అంటే బొమ్మ గీసే అసలు ఏఐ) సొంత మెషీన్లో పెట్టుకోండి, దానికి రోజు లిమిట్ అంటూ ఉండదు.

ఫైర్‌ఫ్లై కమర్షియల్లీ సేఫ్ అంటారు, నిజంగా సేఫా లేక యాడ్ మాటేనా?

చాలావరకు నిజం, కానీ రెండు మెలికలున్నాయి. అడోబీ తన సొంత మోడల్స్‌ని అడోబీ స్టాక్ బొమ్మలు, ఓపెన్ లైసెన్స్ ఉన్నవి, కాపీరైట్ గడువు అయిపోయినవి పెట్టి ట్రైన్ చేశానని చెప్తుంది, నెట్‌లో కనిపించినవన్నీ లాగేసిన మోడల్స్‌తో పోలిస్తే ఇది మెరుగే. మొదటి మెలిక, 2024 ఏప్రిల్‌లో బ్లూమ్‌బర్గ్ ఒక వార్త రాసింది, ఆ ట్రైనింగ్ బొమ్మల్లో ఒక 5 శాతం ఏఐతో చేసినవే అని, మిడ్‌జర్నీ బొమ్మలు కూడా అందులో ఉన్నాయని. రెండోది మన రోజు పనికి సంబంధించింది: ఇప్పుడు ఫైర్‌ఫ్లై లోపలే గూగుల్, ఓపెన్‌ఏఐ, ఫ్లక్స్ మోడల్స్ కూడా కనిపిస్తాయి, సేఫ్ అన్న మాట అడోబీ సొంత మోడల్స్‌కే గానీ వాటికి కాదు. మెనూలో ఏ మోడల్ సెలెక్ట్ అయ్యుందో చూసుకోకుండా జనరేట్ నొక్కకండి. కేసు వస్తే మేం చూసుకుంటాం అనే హామీ కూడా కొన్ని ఎంటర్‌ప్రైజ్ ప్లాన్లకే, ఫ్రీ అకౌంట్‌కి లేదు.

చాట్‌జీపీటీ, జెమిని రెండిట్లో బిజినెస్‌కి ఏది?

హక్కుల విషయంలో రెండూ దాదాపు ఒకటే. ఓపెన్‌ఏఐ టర్మ్స్‌లో బయటకొచ్చిన అవుట్‌పుట్ మీదే, మాకేమైనా హక్కుంటే అదీ మీకే రాసిచ్చేస్తున్నాం అని ఉంటుంది. గూగుల్ కూడా జనరేట్ అయిన దాని మీద ఓనర్‌షిప్ అడగం అంటుంది. వాడకంలో తేడా ఉంది. చాట్‌జీపీటీలో 2025 మార్చి చివర్లో కొత్త ఇమేజ్ మోడల్ వచ్చాక పోస్టర్ లేఅవుట్లు, ఇంగ్లీష్ అక్షరాలు బాగా వస్తున్నాయి, కాకపోతే ఫ్రీలో ఇచ్చేవి తక్కువ, టైమ్ కూడా తీసుకుంటుంది. జెమినిలో 2025 ఆగస్టులో నానో బనానా అని పేరుపడ్డ మోడల్ వచ్చింది, ఉన్న ఫోటోలో ఒక ముక్క మార్చి మిగతాది కదలకుండా ఉంచడంలో దానిది మంచి చెయ్యి. ఫ్రీలో మూలన చిన్న నక్షత్రం గుర్తు పడుతుంది, క్లయింట్‌కి చూపించే పనికి అది నప్పదు. నేనైతే ఫోటో ఎడిటింగ్‌కి జెమిని, పోస్టర్‌కి చాట్‌జీపీటీ అంటాను.

బింగ్ ఇమేజ్ క్రియేటర్ బిజినెస్‌కి వాడకూడదని ఒకరు, వాడొచ్చని ఒకరు అంటున్నారు, ఎవరిది కరెక్ట్?

ఇద్దరిదీ, ఎవరు ఎప్పటి టర్మ్స్ చూశారన్నదాన్ని బట్టి. 2023లో అది వచ్చినప్పుడు పర్సనల్, నాన్ కమర్షియల్ అవసరాలకే అని టర్మ్స్‌లో స్పష్టంగా రాశారు. ఆ తర్వాత పేర్లు మారాయి, డిజైనర్, కోపైలట్ అంటూ వేరే వేరే తలుపులు వచ్చాయి, ఒక్కో తలుపుకి ఒక్కో టర్మ్స్ పేజీ. పాత బ్లాగ్ పోస్ట్ చదివి నిర్ణయం తీసుకోకండి, మీరు ఏ పేజీలో బొమ్మ చేస్తున్నారో ఆ పేజీ కింద ఉన్న టర్మ్స్ లింక్ నొక్కి అందులో కమర్షియల్ అన్న మాట వెతికి చూడండి. అక్కడ క్లియర్‌గా లేకపోతే ఐడియాల కోసం వాడుకోండి, ఫైనల్ బొమ్మ వేరే చోట చేయండి.

మిడ్‌జర్నీ ఫ్రీగా వాడే ట్రిక్ ఉందా?

లేదు. 2023 మార్చిలోనే ఫ్రీ ట్రయల్ ఆపేశారు, తర్వాత అప్పుడప్పుడు కొన్నాళ్ళు తెరిచారంతే. ట్రిక్ అని టెలిగ్రామ్‌లో తిరిగేవి షేర్డ్ అకౌంట్లు, వాటితో చేసిన బొమ్మ హక్కు ఎవరిదో చెప్పలేం, బిజినెస్‌కి అస్సలు పనికిరావు. కొనాలనుకుంటే రెండు విషయాలు గుర్తుంచుకోండి: ఏడాది ఆదాయం 10 లక్షల డాలర్లు దాటిన కంపెనీ ప్రో లేదా మెగా ప్లాన్ తీసుకోవాలి, ఇంకా బొమ్మలు మామూలుగా పబ్లిక్‌గానే ఉంటాయి, దాచే స్టెల్త్ మోడ్ కూడా ఆ రెండు పెద్ద ప్లాన్లలోనే.

లియోనార్డో, ఐడియోగ్రామ్ లాంటివి ఫ్రీ క్రెడిట్స్ ఇస్తాయి కదా, వాటితో లాగించేయొచ్చా?

పోస్టులకి లాగించొచ్చు. ఐడియోగ్రామ్ 2023 ఆగస్టులో వచ్చింది, గూగుల్‌లో పనిచేసిన రీసెర్చర్లు పెట్టిన కంపెనీ, బొమ్మలో ఇంగ్లీష్ అక్షరాలు సరిగ్గా రాయడంతోనే దానికి పేరొచ్చింది. లియోనార్డోని 2024 జులైలో కాన్వా కొనేసింది, స్టైల్స్ ఎక్కువ, కంట్రోల్స్ కూడా ఎక్కువ. ఇలాంటి వాటిల్లో ఫ్రీ అకౌంట్‌తో చేసిన బొమ్మలు పబ్లిక్‌గా కనిపిస్తాయి, మీ ప్రాంప్ట్‌తో సహా, అంటే ఏం గీయాలో మీరు టైప్ చేసిన మాటలతో సహా. దాని మీద క్లిక్ చేసి అలాంటిదే ఇంకోటి ఎవరైనా చేసుకోవచ్చు. రేపు లాంచ్ చేయబోయే ప్రోడక్ట్ పేరు ప్రాంప్ట్‌లో టైప్ చేస్తే పోటీవాళ్ళకి మీరే చెప్పినట్టు.

కాన్వాలోనే అన్నీ చేస్తాను, అందులో ఉన్న ఏఐ సరిపోదా?

అప్పుడప్పుడు ఒకటీ అరా బొమ్మ కావాలంటే సరిపోతుంది, డిజైన్ అక్కడే ఉంది కాబట్టి అటూ ఇటూ తిరిగే పనుండదు. ఫ్రీ వాళ్ళకి లిమిట్ చాలా తక్కువ, ప్రయత్నాలు వేస్ట్ అవుతుంటే కోటా త్వరగా కరిగిపోతుంది. బొమ్మ వేరే టూల్లో చేసి కాన్వాలోకి తెచ్చుకుని అక్షరాలు, లేఅవుట్ అక్కడ పెట్టుకోవడం ఎక్కువమంది చేసే పద్ధతి.

సొంత కంప్యూటర్లో పెట్టుకుంటే మొత్తం ఫ్రీ అంట, నిజమేనా? లైసెన్స్ గోల ఏమైనా ఉందా?

కరెంటు బిల్లు, గ్రాఫిక్స్ కార్డ్ పక్కన పెడితే ఫ్రీయే. లైసెన్స్ గోల మాత్రం ఉంది, మోడల్‌ని బట్టి మారిపోతుంది. ఫ్లక్స్‌లో ష్నెల్ అనేది అపాచీ 2.0 లైసెన్స్, బిజినెస్‌కి నిశ్చింతగా వాడొచ్చు, అదే కంపెనీ అదే రోజు, 2024 ఆగస్టు 1న, వదిలిన డెవ్ మోడల్‌కి మాత్రం నాన్ కమర్షియల్ లైసెన్స్, పేర్లు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి డౌన్‌లోడ్ చేసేటప్పుడు చూసుకోండి. స్టెబిలిటీ ఏఐ వాళ్ళ స్టేబుల్ డిఫ్యూజన్ 3.5కి కమ్యూనిటీ లైసెన్స్, ఏడాది ఆదాయం 10 లక్షల డాలర్ల లోపున్న వాళ్ళకి ఫ్రీ. అలీబాబా వాళ్ళ క్వెన్ ఇమేజ్ కూడా అపాచీ 2.0నే.

మెషీన్ సంగతికొస్తే, స్టేబుల్ డిఫ్యూజన్ ఎక్స్‌ఎల్‌కి 8 జీబీ గ్రాఫిక్స్ మెమరీ ఉంటే నడుస్తుంది, ఫ్లక్స్ 1200 కోట్ల పారామీటర్ల మోడల్ కాబట్టి పూర్తి సైజులో దానికి 24 జీబీ దాకా కావాలి, కుదించిన వెర్షన్లు తక్కువలో నడుస్తాయి కానీ నెమ్మదిగా. నడపడానికి కంఫీయూఐ అనే సాఫ్ట్‌వేర్ ఫ్రీగా దొరుకుతుంది, మొదటి రోజు చూస్తే వైర్ల గజిబిజిలా ఉంటుంది, అలవాటవుతుంది. ఇందులో నాకు నచ్చేది ఏంటంటే మీ ఫైల్ ఏదీ మెషీన్ దాటి బయటకి పోదు.

లాగిన్ అక్కర్లేదు, అన్‌లిమిటెడ్ ఫ్రీ అని సైట్లు కనిపిస్తాయి, వాటిని నమ్మొచ్చా?

వెనకాల ఏ మోడల్ నడుస్తుందో చెప్పని సైట్‌ని బిజినెస్‌కి వాడకండి. అలాంటివాటిల్లో ఎక్కువ శాతం ఏదో ఓపెన్ మోడల్ పెట్టి చుట్టూ యాడ్స్ వేసుకునేవే, ఆ మోడల్ నాన్ కమర్షియల్ లైసెన్స్‌దైతే ఇరుక్కునేది మీరు. కంపెనీ పేరు, టర్మ్స్ పేజీ, మోడల్ పేరు, ఈ మూడూ కనిపిస్తేనే ముందుకెళ్ళండి.

## బొమ్మ చేసేటప్పుడు

తెలుగు అక్షరాలు రాయమంటే పిచ్చి పిచ్చిగా వస్తున్నాయి, ఏ టూల్ సరిగ్గా రాస్తుంది?

పూర్తిగా నమ్మదగ్గది ఏదీ లేదు. కొత్త మోడల్స్ రెండు మూడు చిన్న మాటలు ఒక్కోసారి సరిగ్గానే రాస్తాయి, కొంచెం పొడుగు వాక్యం ఇచ్చారా, వత్తులు ఎగిరిపోతాయి, గుడి దీర్ఘం గుడి అయిపోతుంది, అసలు లేని అక్షరాలు పుట్టుకొస్తాయి. దూరం నుంచి చూస్తే తెలుగులాగే ఉంటుంది కాబట్టి హడావుడిలో ఎవరూ గమనించరు, బ్యానర్ ప్రింటై గోడకెక్కాక కనిపిస్తుంది. ఈ మోడల్స్ అక్షరాన్ని ఫాంట్ నుంచి తీసుకోవు, దాన్నీ ఒక బొమ్మలాగే గీస్తాయి, పైగా వాటికి దొరికిన తెలుగు బొమ్మలు తక్కువ, మన గుణింతాలు వత్తులు కలిపితే వచ్చే రూపాలు వేలల్లో ఉంటాయి.

కాబట్టి బొమ్మ మాత్రం ఏఐతో చేయించండి, ప్రాంప్ట్‌లో అక్షరాలు వద్దు, పై భాగం ఖాళీగా వదిలేయి అని చెప్పండి, తర్వాత ఏ ఎడిటర్లోనైనా నిజమైన ఫాంట్‌తో టైప్ చేయండి. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, సూరన్న, ధూర్జటి, నోటో సాన్స్ తెలుగు ఇవన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్స్‌వి, బిజినెస్‌కి ఫ్రీగా వాడుకోవచ్చు. రేటు, ఫోన్ నంబర్, తేదీ లాంటివి ఇంగ్లీష్‌లో అయినా సరే ఏఐకి వదలకండి.

ప్రాంప్ట్ తెలుగులో ఇవ్వొచ్చా?

చాట్‌జీపీటీ, జెమినిలకి ఇవ్వొచ్చు, బాగానే అర్థం చేసుకుంటాయి. ఫ్లక్స్, స్టేబుల్ డిఫ్యూజన్ లాంటివి ఎక్కువగా ఇంగ్లీష్‌కే పలుకుతాయి. తెలుగులో ఏం కావాలో వివరంగా రాసి, దీన్ని ఇంగ్లీష్‌లో ఇమేజ్ ప్రాంప్ట్‌గా మార్చు అని ఏదో ఒక చాట్ టూల్‌ని అడిగి ఆ ప్రాంప్ట్ తీసుకెళ్ళండి.

మా ప్రోడక్ట్ ఫోటో ఏఐతో చేయించొచ్చా? ఫోటోగ్రాఫర్ ఖర్చు మిగులుతుంది కదా

బ్యాక్‌గ్రౌండ్ చేయించండి, ప్రోడక్ట్‌ని చేయించకండి. ఫోన్‌తోనే కిటికీ దగ్గర మంచి వెలుతుర్లో ప్రోడక్ట్ ఫోటో తీసి, బ్యాక్‌గ్రౌండ్ తీసేసి, వెనకాల సీన్ మాత్రం ఏఐతో పెట్టించుకుంటే సగం పని అయిపోయినట్టే. ప్రోడక్ట్‌నే గీయమంటే బటన్ ఒకటి ఎక్కువొస్తుంది, లేబుల్ మీద అక్షరాలు మారిపోతాయి, రంగు కొంచెం తేడా వస్తుంది, అది చూసి కొన్నవాళ్ళు ఫోటోలో ఒకటి ఇంట్లో ఒకటి అని రిటర్న్ పెడతారు, తప్పుడు యాడ్ అని కంప్లైంట్ ఇచ్చినా మీ దగ్గర సమాధానం ఉండదు. జెమినిలో ఫోటో ఎడిట్ చేయించినా సరే ఒరిజినల్ పక్కన పెట్టి జూమ్ చేసి పోల్చుకోండి, తెలీకుండా చిన్న చిన్నవి మార్చేస్తుంటుంది.

ఫోన్లో సూపర్‌గా ఉంది, ప్రింట్ చేస్తే మసకగా వచ్చింది, ఎందుకు?

పిక్సెల్స్ చాలక. ఫ్రీ టూల్స్ చాలావరకు 1024 బై 1024 చుట్టుపక్కల సైజు ఇస్తాయి. మంచి ప్రింట్‌కి అంగుళానికి 300 చుక్కలు కావాలంటారు, ఆ లెక్కన 1024 పిక్సెల్స్ మూడున్నర అంగుళాలు కూడా రాదు. ఏ4 నిండా రావాలంటే 2480 బై 3508 ఉండాలి. అప్‌స్కేయిల్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, డెస్క్‌టాప్‌లో నడుస్తుంది, నాలుగింతలు పెంచుతుంది, సీనరీలకి బాగుంటుంది, ముఖాలు ఒక్కోసారి ప్లాస్టిక్‌లా తయారవుతాయి. పెద్ద ఫ్లెక్సీలు దూరం నుంచి చూసేవి కాబట్టి 100 చుక్కలున్నా నడిచిపోతుంది. రంగులు డల్‌గా రావడం ఇంకో గొడవ, స్క్రీన్ రంగులు వేరు ఇంకు రంగులు వేరు, ముందు ఒక శాంపిల్ తీయించుకోండి.

లోగో కూడా ఇందులోనే చేసేసుకోనా?

ఐడియాల వరకు చేసుకోండి, ఫైనల్ లోగో మాత్రం వద్దు అనే చెప్తాను. పోస్ట్ అయితే రెండు రోజుల్లో కిందకి వెళ్ళిపోతుంది, లోగో ఏళ్ళ తరబడి బోర్డు మీదా బిల్లు మీదా ఉంటుంది, దాని మీద హక్కు గట్టిగా ఉండాలి. ఉత్త ప్రాంప్ట్‌తో వచ్చిన బొమ్మకి కాపీరైట్ దొరకడం చాలా చోట్ల కష్టం, అంటే పక్కవాడు అదే బొమ్మ ఎత్తుకుపోతే కాపీరైట్ అడ్డం పెట్టి ఆపలేకపోవచ్చు. ట్రేడ్‌మార్క్ వేరే దారి, వాడకాన్ని బట్టి వస్తుంది, ఏఐతో చేసినదైనా రిజిస్టర్ అవ్వొచ్చు, కానీ ముందే ఉన్న ఏదో లోగోకి దగ్గరగా ఉంటే అక్కడా ఆగిపోతుంది.

టెక్నికల్‌గా కూడా ఇబ్బందే, వచ్చేది పిక్సెల్ బొమ్మ, లోగోకి ఎంత పెంచినా పగలని వెక్టర్ ఫైల్ కావాలి. ఏఐ ఇచ్చినవాటిల్లో నచ్చినవి రెండు మూడు తీసుకుని ఒక డిజైనర్‌కి ఇచ్చి కొత్తగా గీయించుకోండి, లేదా ఇంక్‌స్కేప్ ఫ్రీయే, మీరే కూర్చుని గీసుకోండి.

ఫలానా ఆర్టిస్ట్ స్టైల్లో, ఫలానా కార్టూన్ లాగా అని అడగొచ్చా?

బిజినెస్‌కైతే పేర్లు రాయకండి. స్టైల్ అనేదానికి సాధారణంగా కాపీరైట్ ఉండదు, కానీ క్యారెక్టర్లకి ఉంటుంది, స్టైల్ అడిగితే క్యారెక్టర్ ముక్కలు కూడా లాక్కొస్తుంది టూల్. పేరు బదులు వర్ణన రాయండి, నీటి రంగులు, మందం గీతలు, పాత ప్రింట్ పోస్టర్ లాంటి గరుకు కాగితం అని. అలా రాస్తే బొమ్మ ఇంకా మీదిలా ఉంటుంది.

కొత్త ప్రోడక్ట్ డిజైన్ అప్‌లోడ్ చేస్తే బయటకి పోతుందా?

ఫ్రీ అకౌంట్లలో మీరిచ్చింది ట్రైనింగ్‌కి వాడుకునే అవకాశం ఎక్కువ, కొన్నిచోట్ల క్వాలిటీ చెక్ పేరుతో మనుషులు కూడా చూస్తారు. చాట్‌జీపీటీ సెట్టింగ్స్‌లో డేటా కంట్రోల్స్‌లోకి వెళ్ళి మోడల్ ఇంప్రూవ్ చేసే స్విచ్ ఆపేయొచ్చు, జెమినిలో యాక్టివిటీ ఆపేయొచ్చు. ఎన్ని స్విచ్‌లు ఆపినా, ఇంకా మార్కెట్లోకి రాని డిజైన్, కస్టమర్ల ఫోటోలు, ఐడీ కార్డులు లాంటివి ఫ్రీ టూల్స్‌లో పెట్టకండి.

## పబ్లిష్ చేసేటప్పుడు

బొమ్మ నేనే చేశా కదా, కాపీరైట్ నాదేనా?

టూల్ కంపెనీ బొమ్మ మీదే అన్నా, చట్టం అనకపోవచ్చు, రెండూ వేర్వేరు. అమెరికా కాపీరైట్ ఆఫీస్ 2023 ఫిబ్రవరిలో ఒక కామిక్ పుస్తకం విషయంలో రాసిన మాటలకీ పేజీల అమరికకీ రక్షణ ఇచ్చి ఏఐ బొమ్మలకి ఇవ్వలేదు, 2025 జనవరి రిపోర్టులో ఉత్త ప్రాంప్ట్‌లు సరిపోవు, మనిషి చేయి పడాలి అని చెప్పింది. మనిషి రచయిత లేకుండా కాపీరైట్ లేదని అక్కడి అప్పీల్ కోర్టు 2025 మార్చిలో అన్నది. అదే బీజింగ్ ఇంటర్నెట్ కోర్టు 2023 నవంబర్‌లో, ప్రాంప్ట్‌లు సెట్టింగులు మార్చుకుంటూ కష్టపడి చేసిన బొమ్మకి కాపీరైట్ ఉందని తీర్పిచ్చింది. దేశానికో రకం. ఏది ఏమైనా మీరు గీసిన భాగాలు, కలిపిన ఫోటోలు, లేఅవుట్, రాసిన మాటలు ఎంత ఎక్కువుంటే అంత మంచిది, లేయర్లున్న ఫైల్ పారేయకండి, రేపు మీ పని ఏదో చూపించాలంటే అదే ఆధారం.

వాటర్‌మార్క్ క్రాప్ చేసేస్తే సరిపోతుంది కదా?

కంటికి కనిపించేది పోతుంది, మిగతావి పోవు. గూగుల్ వేసే కనిపించని గుర్తు సింథ్‌ఐడీ పిక్సెల్స్‌లోనే కలిసిపోయి ఉంటుంది, సైజు మార్చినా కొంచెం రంగులు మార్చినా దొరికేలా తయారుచేశారు. అడోబీ, ఓపెన్‌ఏఐ కంటెంట్ క్రెడెన్షియల్స్ అని ఫైల్లో సమాచారం పెడతాయి, అది స్క్రీన్‌షాట్ తీస్తే పోతుంది. వాటర్‌మార్క్ తీయొద్దని టర్మ్స్‌లో ఉన్న టూల్ అయితే తీసినందుకు అకౌంట్ పోవచ్చు. మార్క్ అడ్డమనిపిస్తే మార్క్ పెట్టని టూల్‌కి మారిపోండి, రబ్బరు పట్టుకుని కూర్చోవడం దండగ.

ఇది ఏఐ బొమ్మ అని చెప్పాలా?

ఎక్కడ పెడుతున్నారనేదాన్ని బట్టి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాలు 2024 నుంచి ఫైల్లో గుర్తు కనిపిస్తే ఏఐ ఇన్ఫో అని వాళ్ళే లేబుల్ వేస్తున్నారు. గూగుల్ మర్చంట్ సెంటర్లో ప్రోడక్ట్ లిస్ట్ చేసేవాళ్ళు ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి, ఏఐతో చేసిన ప్రోడక్ట్ బొమ్మల్లో ఆ విషయం చెప్పే మెటాడేటా (ఫైల్లో లోపల ఉండే సమాచారం) అలాగే ఉండాలి, తీసేయకూడదు, బొమ్మ సైజు తగ్గించే కొన్ని ప్లగిన్లు దాన్ని చెప్పకుండా చెరిపేస్తాయి. యూరప్ ఏఐ చట్టంలో నిజమనిపించే డీప్‌ఫేక్‌లని చెప్పి తీరాలన్న రూల్ ఉంది. అలంకారం కోసం పెట్టిన బొమ్మకి చెప్పకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు, చూసినవాళ్ళు నిజమైన ఫోటో అనుకుని నిర్ణయం తీసుకునేదైతే చెప్పండి.

కస్టమర్ రివ్యూ పక్కన ఏఐ మనిషి ఫోటో పెట్టొచ్చా?

వద్దండీ. లేని మనిషిని ఉన్నట్టు చూపించి మెచ్చుకోలు రాయడం మోసం కిందకే వస్తుంది, అమెరికాలో ఫేక్ రివ్యూల మీద ప్రత్యేకంగా రూలే పెట్టారు, 2024 అక్టోబర్ నుంచి అమల్లో ఉంది. వాడకముందు, వాడాక అని ఏఐతో చేసిన ఫోటోలు కూడా అంతే. సెలబ్రిటీ ముఖం అసలు తలపెట్టకండి.

క్లయింట్‌కి డిజైన్ చేసిచ్చేటప్పుడు ఏఐ వాడానని చెప్పాలా?

చెప్పండి, అదీ కొటేషన్ ఇచ్చేటప్పుడే. పూర్తి హక్కులు రాసిస్తాం అని అగ్రిమెంట్లో సంతకం పెట్టి, తీరా మీ దగ్గరే ఆ హక్కు లేకపోతే ఇరుక్కుపోతారు. ఏ టూల్, ఏ ప్లాన్, ఏ భాగం ఏఐతో చేసింది అని ఒక్క లైన్ రాస్తే చాలు. కొన్ని కంపెనీలు ఏఐ బొమ్మలు అస్సలు ఒప్పుకోవు, పని మొత్తం అయ్యాక ఆ సంగతి తెలియడం ఎవరికీ మంచిది కాదు.

## వాడాక వచ్చే డౌట్లు

రేపు టూల్ వాళ్ళు టర్మ్స్ మార్చేస్తే పాత బొమ్మల గతేంటి?

మామూలుగా చేసిన రోజున్న టర్మ్స్ మీద వాదించుకోవచ్చు, కానీ ఆ రోజు ఏముందో చూపించగలగాలి. ఒక సింపుల్ షీట్ పెట్టుకోండి, బొమ్మ ఫైల్ పేరు, టూల్, ప్లాన్, మోడల్, తేదీ, ప్రాంప్ట్, ఎక్కడ వాడారు. ఆ పక్కనే టర్మ్స్ పీడీఎఫ్. ఫ్రీలో చేసి తర్వాత పెయిడ్ తీసుకుంటే పాత బొమ్మలకీ హక్కులొస్తాయి అనుకోకండి, చాలాచోట్ల రావు, ముఖ్యమైనవి పెయిడ్‌లోకి వచ్చాక మళ్ళీ చేసుకోండి.

ఎప్పుడు పెయిడ్‌కి మారాలి?

లిమిట్ అయిపోతుందని కాదు, బొమ్మలు పబ్లిక్‌గా కనిపించడం ఇబ్బంది అయినప్పుడు, ప్యాకింగ్ లాంటి ఎక్కువకాలం ఉండేవాటికి వాడుతున్నప్పుడు, క్లయింట్లు హక్కుల కాగితం అడుగుతున్నప్పుడు. ముందు ఒక నెలకే తీసుకోండి, ఆ నెలలో వాడకపోతే ఏడాది ప్లాన్ డిస్కౌంట్ మీకు అక్కర్లేనట్టే.

మా బొమ్మ కాపీ అని ఎవరో మెయిల్ పెట్టారు, ఇప్పుడేం చేయాలి?

ముందు బొమ్మ కనిపించకుండా చేయండి, డిలీట్ మాత్రం చేయకండి, ఒరిజినల్ ఫైల్, ప్రాంప్ట్, తేదీ అన్నీ దాచండి. తర్వాత రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూడండి, గూగుల్ లెన్స్‌లో వేసి ఇంకెక్కడైనా ఉందేమో వెతకండి. నిజంగా పోలిక ఉంటే తీసేశాం అని మర్యాదగా జవాబిస్తే చాలావరకు అక్కడితో సర్దుకుంటుంది. డబ్బులు కట్టమని లింక్ పంపితే ఆ లింక్ నొక్కకండి, అలాంటి దొంగ నోటీసులు కూడా తిరుగుతున్నాయి, పంపినవాళ్ళ పేరూ బొమ్మ మీద వాళ్ళకున్న హక్కు కాగితమూ అడగండి. లాయర్ లెటర్‌హెడ్ మీద వస్తే మాత్రం మీరు సొంతంగా జవాబు రాయకుండా అది తీసుకుని మీ లాయర్ దగ్గరికి వెళ్ళండి.